జనరల్‌తో చేయి కలపని వాళ్ళు

కార్క్ నుంచి స్నీమ్ వెళ్ళాలంటే కారు ఉండాలని అందరూ చెబుతారు. లేకపోయినా వెళ్ళవచ్చు. కార్క్‌లో ఒక రైలు, మాలోలో దిగి ఇంకో రైలు, కిల్లార్నీలో బస్సు, కెన్‌మేర్‌లో చిన్న బస్సు. నాలుగు ఎక్కడాలు, నాలుగు దిగడాలు, ఒక్కోవైపు దాదాపు ఐదు గంటలు. ఆ చిన్న బస్సు అన్ని రోజులూ నడవదు కాబట్టి వెళ్ళే వారం టైంటేబుల్ మళ్ళీ చూసుకోవాలి. నేను మూడుసార్లు చూసుకున్నాను. నాలుగు రాత్రులు వరసగా డ్యూటీ చేసి శుక్రవారం పొద్దున ఇంటికి వచ్చినవాణ్ణి, శనివారం ఏడింటి రైలుకు ఇద్దరిని వెంటబెట్టుకుని బయలుదేరుతున్నాను కాబట్టి నా కళ్ళ మీద నాకే నమ్మకం లేకపోయింది.

నేను కార్క్ శివారులోని ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అక్కడి థర్మామీటర్లు, తూకం యంత్రాలు, ప్రెషర్ మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసి కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఉండేది సునీత అక్క ఇంట్లో, మేడమీద గదిలో అద్దెకు. అక్క ఆసుపత్రిలో నర్సు. బావగారికి స్లైగోలో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తారు. కూతురు గ్రేస్ ఆరో తరగతి. అక్క వాళ్ళ నాన్నగారు కృపానందం మాస్టారు మూడు నెలల వీసా మీద యానాం నుంచి వచ్చి ఉన్నారు. ఆయన తిరుగు ప్రయాణం వచ్చే గురువారం. దానికి ముందు స్నీమ్‌లో జనరల్ రాయి చూడాలన్నది ఆయన కోరిక. అక్కకు శనివారం పన్నెండు గంటల డ్యూటీ. ఇక మిగిలింది నేను.

జనరల్ ఎవరో, యానాం మాస్టారికి ఆయనతో పనేమిటో చెప్పాలి. యుద్ధంలో జర్మనీ చేతిలో ఫ్రాన్సు ఓడిపోయి, పెద్దలందరూ సంధికి ఒప్పుకుంటున్న రోజుల్లో ఈ ఒక్క సేనాధికారి లండన్ వెళ్ళి, రేడియోలో మాట్లాడి, పోరాటం ముగియలేదు, వచ్చేవాళ్ళు నా దగ్గరకు రండని పిలిచాడు. యుద్ధం అయ్యాక దేశాధినేత అయ్యాడు. ముసలితనంలో ఒక ఓటింగులో ఓడి, పదవి వదిలేసి, కొద్దిరోజులకే భార్యతో సహా ఐర్లండ్ వచ్చి, కెర్రీలోని ఈ స్నీమ్ అనే చిన్న ఊరి పక్కన కొన్ని వారాలు గడిపాడు. దానికి గుర్తుగా ఊళ్ళో ఒక బండ నిలబెట్టారు.

యానాం కాకినాడ పక్కనే ఉన్న ఊరు. ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళది. అక్కడి మగవాళ్ళు చాలామంది ఫ్రెంచి సిపాయిలుగా, పోలీసులుగా సముద్రం అవతల ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న సైగాన్ దాకా పోయారు. మాస్టారి తండ్రి వాళ్ళలో ఒకరు. ఆయన జనరల్ పిలుపు విని పటాలం వదిలి వెళ్ళి పోరాడాడని ఇంట్లో అందరూ చెప్పుకునే కథ. అక్క ఇంటి హాల్లో పతకం పెట్టుకున్న ఆయన ఫోటో ఉంది. గ్రేస్ స్కూల్లో సోమవారం ప్రతి ఒక్కరూ తమ కుటుంబంలో ఒకరి గురించి క్లాసు ముందు మాట్లాడాలి. గ్రేస్ ముత్తాతను ఎంచుకుంది. పెద్ద చార్టు అట్ట మీద ఊదారంగు అక్షరాలతో శీర్షిక రాసింది: జనరల్ పిలిస్తే వెళ్ళిన మా ముత్తాత. కింద గళ్ళు గీసి పెట్టింది నేనే. జనరల్ రాయి దగ్గర తాతయ్యను నిలబెట్టి ఫోటో తీసి మధ్యలో అంటించాలని ఆమె ప్లాను. అందుకే ఆ చార్టు కూడా చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసుకుని మాతో వచ్చింది.

ఉదయం 6:40కి స్టేషన్‌లో ఉన్నాం. మే నెలే అయినా మాస్టారు రెండు స్వెట్టర్లు, వాటిమీద కోటు, మంకీ క్యాపు వేసుకున్నారు.

"తాతయ్యా, బ్యాంకు దోచుకోవడానికి వెళ్తున్నట్టున్నావు. గార్డ్స్ పట్టుకుంటారు," అంది గ్రేస్. గార్డ్స్ అంటే ఇక్కడ పోలీసులు. గ్రేస్ మాట్లాడేదంతా కార్క్ యాసలో ఇంగ్లీషు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు. ఆమె మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"పట్టుకోనీయే. లాకప్పులో హీటరుంటుంది కదా," అన్నారు మాస్టారు.

7:00కి రైలు కదిలింది. 7:25కి మాలోలో దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఇరవై నిమిషాలు చలిలో నిలబడి, రెండో రైలు ఎక్కాం. కూర్చోవడానికి చోటు బాగానే దొరికింది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా చార్టులో మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి, అవి పూర్తి కాకుండా నాకు నిద్ర పట్టదు. పుట్టిన ఊరు, ఉద్యోగంలో చేరిన చోటు, తిరిగి వచ్చిన చోటు నిండాయి. ఏ ఓడలో వెళ్ళాడు, జనరల్ సైన్యంలో ఏ పటాలంలో కలిశాడు, ఎక్కడ పోరాడాడు అన్నవి మిగిలాయి.

"మాస్టారూ, ఓడ పేరు ఏమైనా గుర్తుందాండీ?"

"ఓడలకి మనూళ్ళో పేర్లెవడు పెట్టుకున్నాడు బాబూ. సరుకు పడవ."

"పటాలం నంబరు?"

"ఆ రోజుల్లో కాగితాలెక్కడివి."

కిల్లార్నీ వరకు ఇంకో రెండు రకాలుగా అడిగాను. ఏ ప్రశ్నకూ ఆయన లేదనలేదు, అవుననలేదు. ఆఖరికి మంకీ క్యాపు కళ్ళ మీదకు లాక్కున్నారు. సైగాన్ దాకా వీధుల పేర్లతో సహా చెప్పిన మనిషికి అక్కడి నుంచి అంతా తెలియకుండా పోవడం నాకు వింతగా అనిపించింది. ఫ్యాక్టరీలో ఏ మీటరైనా ఒక హద్దు దాకా బాగా చూపించి ఆపైన తిన్నగా చూపించకపోతే, ఆ హద్దు దగ్గరే ఏదో ఉందని మాకు లెక్క.

8:45కి కిల్లార్నీ. స్టేషన్ పక్కనే బస్టాండు. 9:30కి బస్సు. ఈలోగా బెంచీ మీద అక్క కట్టిచ్చిన పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. ఫ్లాస్కు మూత సరిగ్గా పెట్టకపోవడంతో టీలో సగం నా సంచిలో పోయింది. కెన్‌మేర్ దారి కొండ మీదుగా వెళుతుంది. ఒకవైపు చెరువులు, ఇంకోవైపు రాళ్ళు, మలుపు తిరిగినప్పుడల్లా గొర్రెలు. అందమైన దారి అని వెనక సీట్లో జర్మన్ దంపతులు పదేపదే అన్నారు. నాకు మలుపులే గుర్తున్నాయి. గ్రేస్‌కు కడుపులో తిప్పింది. మాస్టారు జేబులోంచి ఎండు ఉసిరికాయ ముక్క తీసి ఇచ్చారు.

"ఛీ, ఇది చెప్పు ముక్కలా ఉంది."

"చప్పరించు. వాంతి కంటే నయమే."

10:20కి కెన్‌మేర్. చిన్న బస్సుకు గంట ఉంది. గ్రేస్ కొట్టులోకి వెళ్ళినప్పుడు మాస్టారు కళ్ళజోడు డబ్బా తెరిచి నాకు ఒక పతకం చూపించారు. ఫోటోలో ఉన్నదే. రిబ్బను రంగు వెలిసింది, లోహం మాత్రం మెరుస్తోంది. రాయి దగ్గర ఫోటోలో దాన్ని పట్టుకోమని మనవరాలు చెప్పిందట. నేను రెండువైపులా ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. అలవాటు, ఏది చూసినా గుర్తు నంబరు వెతకడం.

11:20కి చిన్న బస్సు. పదహారు సీట్లు, మాతో కలిపి ఏడుగురం. డ్రైవరుకు అందరి పేర్లూ తెలుసు. ఒకావిడను ఇంటి గేటు ముందే దింపి, సంచులు లోపల పెట్టి వచ్చాడు. ఆ ఆగిన నాలుగు నిమిషాల్లో నేను ఫోన్‌లో పతకాల జాబితా ఒకటి తెరిచి, రిబ్బను గీతలు, అంచు ఆకారం పోల్చి చూశాను. నాకు దొరికింది యుద్ధంలో పోరాడినవాళ్ళకు ఇచ్చిన పతకం కాదు. పరాయి దేశాల్లో చాలాకాలం నౌకరీ చేసినందుకు ఇచ్చేది. జనరల్ వెంట వెళ్ళినా వెళ్ళకపోయినా వచ్చేది.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. సోమవారం ఈ పిల్ల ఇరవై ఎనిమిది మంది ముందు నిలబడి పోరాడాడని చెబుతుంది. చెప్పనివ్వాలా? పక్కకు చూస్తే మాస్టారు నన్నే చూస్తున్నారు. నా ఫోన్‌లో ఏముందో ఆ దూరం నుంచి కనబడే వీల్లేదు. అయినా ఆయన చూపు మార్చుకుని, కళ్ళజోడు డబ్బాను లోపలి జేబులోకి తోసేశారు.

12:00కి స్నీమ్. ఊరు చిన్నది. మధ్యలో వంతెన, వంతెనకు అటూ ఇటూ పచ్చిక మైదానాలు, వాటి చుట్టూ ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. ఒకటి పసుపు, దాని పక్కది గులాబీ, దాని పక్కది నీలం. జనరల్ దిగిన హోటల్ ఊళ్ళో కాదు, కొంచెం అవతల నీటి ఒడ్డున ఉండేదట. రాయి మాత్రం ఊళ్ళోనే, పచ్చికలో ఉంది. ఎగుడుదిగుడు బండ, దాని మీద కంచులో పొడుగు ముక్కు ముఖం, కింద అక్షరాలు. మాస్టారు మంకీ క్యాపు తీసి చేత్తో పట్టుకున్నారు. అంత దూరం వచ్చింది దీనికా అనిపించింది నాకు. కాళ్ళు లాగుతున్నాయి, తుంపర మొదలైంది.

"తాతయ్యా, పతకం తియ్యి. ఇక్కడ నిలబడు. అంకుల్, నువ్వు తియ్యి ఫోటో," అంది గ్రేస్. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అంకులంటే ఒప్పుకోనని చాలాసార్లు చెప్పాను.

మాస్టారు పతకం తియ్యలేదు. బండ పక్కన బెంచీ మీద డెబ్భై దాటిన ఒకాయన వాన కోటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చాడు. పేరు డోనల్. పుట్టింది, పెరిగింది ఆ ఊళ్ళోనే.

"దూరం నుంచి వచ్చారా?"

"కార్క్ నుంచి," అంది గ్రేస్.

"పాపం. అది మీ తప్పు కాదులే," అన్నాడు డోనల్. కెర్రీ వాళ్ళకు, కార్క్ వాళ్ళకు ఆటల్లో పాత పగ.

జనరల్‌ని మీరు చూశారా అని మాస్టారు తన నెమ్మదైన బడి ఇంగ్లీషులో అడిగారు. డోనల్ నవ్వాడు.

"ఈ ఊళ్ళో మీరు ఎవర్ని అడిగినా ఆయన తమతో చేయి కలిపాడని చెబుతారు. అప్పటికి పుట్టనివాళ్ళు కూడా. మా ఊళ్ళో ఉన్న చేతుల కన్నా ఆయన కలిపిన చేతులే ఎక్కువ. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. గేటు దగ్గర గార్డ్స్ ఉంటే గోడ అవతల పొదలో కూర్చున్నాను. పొడుగు కోటు వీపు కనబడింది. చేతికర్ర కనబడింది. అంతే. ఆయన నాతో చేయి కలపలేదు. ఊరు మొత్తం మీద కలపలేదని చెప్పేది నేనొక్కణ్ణే, అందుకే నన్ను పేపరు వాళ్ళు ఎవరూ అడగరు."

"మా క్లాసులో అందరి ముత్తాతలూ డబ్లిన్ పోస్టాఫీసులో ఉన్నారు," అంది గ్రేస్. స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు చేసినవాళ్ళు ఆక్రమించింది ఆ పోస్టాఫీసునే.

"ఉన్నామని చెప్పినవాళ్ళందరూ నిజంగా ఉండి ఉంటే," అన్నాడు డోనల్, "గోడలు వాటంతట అవే పగిలేవి. ఇంగ్లీషు వాడికి ఫిరంగి ఖర్చు తప్పేది."

ఆయన లేచి, టోపీ అంచు తాకి, వంతెన వైపు వెళ్ళిపోయాడు. మాస్టారు కొంతసేపు కంచు ముఖాన్ని చూస్తూ కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అన్నారు:

"నువ్వు బస్సులో చూసేశావు కదా బాబూ."

"పతకం సంగతి చూశానండి. మిగతాది నాకు తెలీదు."

"మిగతాది నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళనుంచీ తెలుసు. నాన్న పోయే ముందు చెప్పాడు." మనవరాలిని పక్కన కూర్చోమని సైగ చేశారు. "నువ్వూ వినమ్మా. సోమవారం చెప్పేది నువ్వు కదా.

"మా నాన్న సైగాన్‌లో జైలు కాపలా సిపాయి. పక్క మంచం సత్తిరాజుది. మనూరోడే, ఒకే పడవలో వెళ్ళారు. జనరల్ రేడియోలో పిలిచాడని ఆఫీసరింట్లో వంటాయన వీళ్ళకి చెప్పాడు. అక్కడి దొరలేమో ఓడిపోయిన పెద్దల మాటే వింటున్నారు, జనరల్ పేరెత్తితే జైలు. సింగపూర్ పోయే సరుకు పడవుంది, అందులో పోయి ఆయన మనుషుల్లో కలుద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. తెల్లారగట్ల సత్తిరాజు లేచి, బూట్లు చేత్తో పట్టుకుని, మా నాన్న కాలు కదిపాడు. నాన్న లేవలేదు. మళ్ళీ కదిపాడు. నాన్న మెలకువగానే ఉన్నాడు, నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. మూడోసారి కదపలేదు. వెళ్ళిపోయాడు. అంతే, ఇక రాలేదు. ఎక్కడ పోయాడో ఏ కబురూ లేదు."

తుంపర చార్టు చుట్ట మీద పడుతోంటే గ్రేస్ దాన్ని కోటు లోపలికి దూర్చుకుంది.

"మరి నాన్నగారే వెళ్ళారని ఊళ్ళో ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"ఎవడూ చెప్పక్కర్లేదు. ఆయన తిరిగొచ్చేసరికి జనరల్ గెలిచేశాడు. ఫ్రెంచి బట్టలేసుకుని రేవులో దిగిన ప్రతివాడూ జనరల్ మనిషే. దండ వేసేశారు. వేశాక తీసి ఇది నాది కాదనడం కష్టం బాబూ. సత్తిరాజు తల్లికి ఆవిడ బతికినంతకాలం నెలనెలా మా ఇంటినుంచే బియ్యం వెళ్ళేవి. మా నాన్న మంచోడని ఊరంతా అనుకుంది."

ఇక్కడికి వచ్చే ముందు జనరల్ గురించి కొంత చదివాను. యుద్ధం ముగిశాక ఫ్రాన్సులో కూడా ఇంచుమించు ఇదే జరిగింది. నిజంగా మొదట్లోనే లేచి వెళ్ళినవాళ్ళు కొద్దిమంది. గెలిచాక మేమూ ఆయన వెంటే ఉన్నామన్నవాళ్ళు అంతులేనంత మంది. దేశం మొత్తం ఎదురు నిలబడిందన్న మాటనే జనరల్ కూడా నిలబెట్టాడు. చీలిపోయిన దేశం తలెత్తుకోవాలంటే అది అవసరమని ఆయన లెక్క కావచ్చు. లొంగినవాళ్ళ సంగతి మాట్లాడటానికి అక్కడివాళ్ళకు చాలా ఏళ్ళు పట్టింది. మంచంలో కళ్ళు మూసుకుని పడుకున్న ఒక సిపాయి గురించి మాట్లాడటానికి యానాంలో ఇంకా ఎక్కువ పట్టింది.

1:15కి వాన పెద్దదై ఒక టీ దుకాణంలో దూరాం. సూపు, బ్రెడ్డు, టీ. సూపు వేడిగా ఉందనడం తప్ప ఇంకేమీ చెప్పలేను. గ్రేస్ బల్ల మీద చార్టు పరిచి ఊదారంగు శీర్షికను చూస్తూ కూర్చుంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మొత్తం పోయింది. నాలుగు రోజులు పట్టింది నాకు. ఇప్పుడు ఇంకో ముత్తాతను వెతుక్కోవాలి," అంటూ చార్టును మధ్యకు మడవబోయింది.

"సోమవారం పాత కథే చెప్పేసెయ్యమ్మా," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. "నేను గురువారం వెళ్ళిపోతాను. ఆ తర్వాత నీ ఇష్టం. ఇక్కడ యానాం వాళ్ళెవరున్నారు?"

"నాకు తెలుసు కదా," అంది గ్రేస్.

నాకు నా పని తప్ప వేరే విద్య రాదు, అందుకని అదే చెప్పాను. మా ఫ్యాక్టరీలో రికార్డులో తప్పు పడితే చింపకూడదు, తెల్ల రంగు పుయ్యకూడదు, దానిమీద మళ్ళీ దిద్దకూడదు. ఒకే ఒక గీత కొట్టాలి, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాయాలి. తేదీ వేసి, ఎందుకు మార్చామో రాసి, మార్చినవాడు సంతకం పెట్టాలి. కారణం రాయకపోతే ఆ దిద్దుబాటు చెల్లదు. కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడే పొరపాటు చేస్తారు, తప్పు కనబడకూడదని నల్లగా రుద్దేస్తారు. అప్పుడు మొత్తం పేజీ మీదే అనుమానం వస్తుంది.

"అంటే తప్పు కూడా కనబడాలా?" అంది గ్రేస్.

"కనబడాలి. ముందు ఏమనుకున్నామో కూడా రికార్డే."

గ్రేస్ బ్యాగులోంచి స్కేలు తీసింది. జనరల్ పిలిస్తే వెళ్ళిన అన్న అక్షరాల మీద నల్ల పెన్నుతో తిన్నగా ఒక గీత గీసింది. పైన జనరల్ పిలిచినా వెళ్ళని అని రాసింది. ఖాళీ గళ్ళలో ఓడ దగ్గర సరుకు పడవ, సత్తిరాజు ఒక్కడే అని రాసింది. పటాలం, పోరాడిన చోటు దగ్గర తెలీదు అని రాసింది. తర్వాత తల ఎత్తి తాతను అడిగింది:

"కారణం ఏం రాయాలి?"

దుకాణం ఆవిడ వచ్చి కప్పులు తీసుకెళ్ళింది.

"మా నాన్న భయపడ్డాడని రాయి," అన్నారు. గ్రేస్ పెన్ను ఆనించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు. అది ఆయన సంగతి. ఆయన ఎప్పుడూ నోరు తెరిచి వెళ్ళానని చెప్పలేదు, ఊరుకున్నాడంతే. బడిలో ముప్ఫై ఏళ్ళు జూలై పద్నాలుగున, ఫ్రెంచివాళ్ళ జాతీయ పండగనాడు, పిల్లల్ని నిలబెట్టి చెప్పింది నేను. అందులో సగం ఏళ్ళు నిజం తెలిసే చెప్పాను. తెలిసీ చెప్పాను అని రాయి."

గ్రేస్ ఇంగ్లీషులో రాసింది. మాస్టారు కింద పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, బడి రిజిస్టరులో పెట్టినట్టు నిలువు అక్షరాలతో సంతకం పెట్టారు. తేదీ నేను వేశాను. పతకంతో ఫోటో తీసుకోలేదు. వాన తగ్గాక రాయి పక్కన ఒక్క ఫోటో తీశాను. అందులో మాస్టారి చేతులు ఖాళీగా ఉన్నాయి.

3:30కి చిన్న బస్సు. 4:10కి కెన్‌మేర్. 5:00కి కిల్లార్నీ బస్సు, అందులో గ్రేస్ నా భుజం మీద నిద్రపోయింది. నాకూ నిద్రే, కానీ మాస్టారు ఒక్కరే మెలకువగా ఉన్నారనిపించి పోలేదు.

"మీ అక్క ఏమంటుందో," అన్నారు ఆయన, కొండ దిగుతుండగా.

"పిల్ల చెబుతుందిలెండి."

"పిల్ల చేత చెప్పిస్తే మళ్ళీ అదే పని చేసినట్టు కాదా?"

5:50కి కిల్లార్నీ. 6:40కి రైలు. మాలోలో మళ్ళీ చలి. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు మాలోలో నిలబడే సమయానికి ఒక స్వెట్టరు ఎక్కువ తీసుకెళ్ళాలి. మాస్టారి మంకీ క్యాపు చూసి ఉదయం నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది.

8:15కి కార్క్ చేరాం. ఇంకా వెలుతురు ఉంది. అక్క డ్యూటీ దిగి 8:40కి కారు తెచ్చింది. యూనిఫారం మీదే కోటు వేసుకుంది, ముఖం పీక్కుపోయి ఉంది.

"ఎలా జరిగింది?" అంది.

"గ్రాండ్," అంది గ్రేస్ అలవాటు కొద్దీ. ఇక్కడ ఏదైనా బాగుందనడానికి అదే మాట. మాస్టారు ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. కారు స్టేషన్ ఆవరణ దాటలేదు, ఆయన అన్నారు:

"అమ్మా సునీతా. మీ తాత వెళ్ళలేదు."

"ఎక్కడికి?"

"జనరల్ దగ్గరకి. వెళ్ళింది ఇంకొకతను. నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా."

అక్క నదీ తీరం రోడ్డు మీదకు తిప్పింది. ఒక సిగ్నలు దాటాం. రెండోది దాటాం.

"ఇక్కడ నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూలో కూడా చెప్పాను నాన్నా," అంది. "నీకు ధైర్యం ఎవరి నుంచి వచ్చిందని అడిగితే. ఎనిమిదేళ్ళప్పుడు నా చేత జెండా పట్టించి ఊరంతా తిప్పావు. చర్చిలో చెప్పాను, ఆసుపత్రిలో చెప్పాను. ఇన్నేళ్ళు మా అందరి నోళ్ళతో పలికించి, ఇప్పుడు గురువారం విమానం పెట్టుకుని చెబుతున్నావా?"

"ఆయ్," అన్నారు మాస్టారు. ఒప్పుకోవడానికి గోదావరి వాళ్ళు వాడే మాట అది.

మూడో సిగ్నలు ఎర్రగా ఉంది. అక్క స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదుటికి చూస్తూ అడిగింది:

"వెళ్ళినాయన పేరేంటి?"

మాస్టారు నోరు తెరిచేలోగా వెనక నుంచి గ్రేస్ చెప్పింది. కార్క్ యాసలో ఆ పేరు విరిగి మూడు ముక్కలైంది.

"అలా కాదు. సోమవారం అందరి ముందు అనాల్సింది నువ్వు. సరిగ్గా అను," అంది అక్క. "సత్తిరాజు."

గ్రేస్ మళ్ళీ అంది. అక్క మళ్ళీ సరిదిద్దింది. సిగ్నలు పచ్చబడింది, వెనకవాళ్ళు హారన్ కొట్టారు, కారు కదిలింది. రౌండెబౌట్ దాకా తల్లీ కూతుళ్ళు అదే పని. తండ్రి వైపు అక్క తిరిగి చూడలేదు, ఆ వారమంతా ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది. మొత్తం పద్నాలుగు గంటల ప్రయాణం, ఎనిమిది బళ్ళు, చూసింది ఒక బండ. స్నీమ్ బాగుంటుందా అని ఎవరైనా అడిగితే, అక్కడి రంగుల ఇళ్ళ గురించి చెప్పడానికి నేను సరైనవాణ్ణి కాను. నాకు గుర్తున్నది ఒళ్ళంతా నొప్పులతో వెనక సీట్లో ఒరిగి, తడి కోటు వాసనలో, సింగపూర్ పడవ ఎక్కి మళ్ళీ కనబడని ఒక యానాం మనిషి పేరును కార్క్ ఊరి మధ్య ఒక పన్నెండేళ్ళ పిల్ల ఆరోసారి, ఏడోసారి, ఎనిమిదోసారి అనడం. ఎనిమిదోసారికి వచ్చింది.